శివారు మల్టీప్లెక్స్ కూల్చేలోపు ఏం చూసుకోవాలి? బూత్ గోడలు, గోనెసంచి కాగితాలు (చెన్నై)

రీలుపెట్టె
చెన్నై దక్షిణ శివారులో అయిదు తెరల మల్టీప్లెక్స్ ఒకటి మూతపడి, కూల్చివేతకు సిద్ధంగా ఉంది. స్థలం గొడవ ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయడం లేదు. సీట్లు, ప్రొజెక్టర్లు, ఏసీ అన్నీ వేలంలో వెళ్ళిపోయాయి. మిగిలినవి గోడలు, నేల, గొట్టాలు, ఒక గోనెసంచి నిండా కాగితాలు.

గేటు దగ్గరి బోర్డు రెండు మాటలు చెబుతోంది: "మొదటి రోజు నుంచీ పూర్తి డిజిటల్", "చెన్నై మొట్టమొదటి మల్టీప్లెక్స్". చరిత్ర రాసేముందు ఈ రెండూ తేల్చుకోవాలి. నాలుగు ఫోటోలు పెడుతున్నా.

ఒకటి: మూడో తెర బూత్ (ప్రొజెక్టర్ గది) గోడ. పెద్ద కంత ఒకటి, పక్కన చిన్నది. పెద్దదాని అంచులు ఇటుక కోసినట్టు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, కింద సిమెంటు మాటు.
రెండు: అదే బూత్ నేల. మూడు బోల్టుల గుర్తులు, చుట్టూ నాలుగడుగుల పైచిలుకు గుండ్రటి మరక.
మూడు: రెండో, మూడో బూత్‌ల మధ్య నడవా. సీలింగ్ కింద జంటలు జంటలుగా స్క్రూ రంధ్రాలు, వరసగా.
నాలుగు: ఒకటో హాలు మెట్ల నేల. రెండు రకాల బోల్టు రంధ్రాలు, ఒకటి మూసినవి, ఒకటి కొత్తవి.

మౌంట్‌రోడ్డు మామ
రెండో మాట ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఒకే ఆవరణలో మూడు తెరలంటే సఫైర్, బ్లూ డైమండ్, ఎమరాల్డ్. 1964. మౌంట్ రోడ్డు మీద. తర్వాత 1970లో దేవి కాంప్లెక్స్, 1974లో సత్యం, 1976లో పురసవాక్కంలో అభిరామి, 1983లో అశోక్‌నగర్‌లో 'ఉదయం' థియేటర్. అది కూడా 2024లో మూతపడింది. కాబట్టి "మొట్టమొదటి" అని రాసుకున్న ప్రతి బోర్డునూ ముందు అనుమానించు నాయనా. "మాల్ లోపల", "శివారులో", "ఫలానా రోడ్డు మీద" అని ఏదో ఒక షరతు తగిలిస్తే తప్ప అది నిలబడదు.

తాంబరం లోకల్
మామా, మల్టీప్లెక్స్ అంటే 1997లో ఢిల్లీ సాకేత్‌లో పీవీఆర్ అనుపమ్‌తోనే మొదలు అంటారు కదా?

మౌంట్‌రోడ్డు మామ
అది ఆ పేరుతో నడిచే వ్యాపార పద్ధతికి మొదలు. ఒక కప్పు కింద నాలుగు తెరలు, ఒకే టికెట్ కౌంటరు, ఒకే తినుబండారాల కౌంటరు, షోలు గంటకొకటి చొప్పున జరుపుకుంటూ పోవడం. తెరల లెక్కే కావాలంటే మన సఫైర్ దానికి ముప్పై మూడేళ్ళు పెద్దది. ఏ లెక్కన "మొదటిది" అంటున్నావో రాసేవాడు మొదటి పేరాలోనే చెప్పాలి. తరవాత అందరూ తిడతారు.

పోర్టుగ్లాసు
రీలుపెట్టె గారూ, మీ రెండో ఫోటో చూడగానే మొదటి మాట కూడా అబద్ధమని తేలిపోయింది. ఆ గుండ్రటి మరక ప్లాటర్‌ది, అంటే ఫిల్మ్ చుట్టని పరిచే పళ్ళేల యంత్రానిది.

వివరంగా చెబుతా. 35 ఎం.ఎం. ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేములు, అడుగుకు 16 ఫ్రేములు. అంటే సెకనుకు అడుగున్నర, నిమిషానికి 90 అడుగులు. 2000 అడుగుల రీలు 22 నిమిషాలు ఆడుతుంది. పాత థియేటర్లలో రెండు ప్రొజెక్టర్లు పెట్టి, రీలు అయ్యే ముందు తెర పైన కుడి మూలలో చుక్క చూసి ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేవాళ్ళు. మొదటి చుక్కకి రెండో మిషను మోటారు వేయాలి, ఏడెనిమిది సెకన్ల తర్వాత వచ్చే రెండో చుక్కకి మార్చేయాలి. అలాంటి బూత్‌లో గోడకి ప్రొజెక్టర్‌కొక కంత, పక్కనే ఆపరేటర్ చూసుకోవడానికి ఒకటి, మొత్తం నాలుగుంటాయి.

మల్టీప్లెక్స్‌లో ఒక ఆపరేటరే రెండు మూడు తెరలు చూసుకోవాలి. చుక్కలు చూస్తూ కూర్చుంటే కుదరదు. అందుకే రీళ్ళన్నీ అతికి ఒకే చుట్టగా పళ్ళెం మీద పరిచేవాళ్ళు. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, బరువు ముప్పై కిలోల పైమాటే. పళ్ళేలు మూడు, ఒకదాని మీద ఒకటి. ఫిల్మ్ చుట్ట మధ్యలోంచి బయటికొచ్చి, ప్రొజెక్టర్‌లో తిరిగి, ఇంకో పళ్ళెం మీద చుట్టుకుంటుంది. తిరగచుట్టే పని లేదు. ఆ యంత్రం పాదాలే మీ మూడు బోల్టులు. గుండ్రటి మరక, పళ్ళెం కింద ఏళ్ళ తరబడి తుడవని దుమ్మూ నూనే.

కంత ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అన్నారు కదా. ఒకే ప్రొజెక్టర్, ఒక చూపు కంత. ప్లాటర్ కథకి సరిపోయింది. అంచులు తర్వాత కోసినట్టు ఉన్నాయంటే డిజిటల్ ప్రొజెక్టర్ వచ్చినప్పుడు పెద్దది చేశారు. డిజిటల్ లెన్సు మధ్యగీత పాత మిషను ఎత్తులో ఉండదు, అందుకే కింద మాటు.

ఒక పని చేయండి. కంతలో అద్దం మిగిలి ఉంటే అది నిటారుగా ఉందా, కొద్దిగా వాలి ఉందా చూడండి. తెలిసినవాడు బిగిస్తే కొద్ది డిగ్రీలు వాల్చి బిగిస్తాడు, లేకపోతే లెన్సు వెలుగు అద్దం మీద తిరగబడి తెర మీద దెయ్యం బొమ్మ పడుతుంది.

రీలుపెట్టె
అద్దం ఉంది. వాలి ఉంది. మరి మూడో ఫోటో?

పోర్టుగ్లాసు
దాని కోసమే ఆగాను. అవి రోలర్ల రంధ్రాలు. ఒకే ప్రింటుతో రెండు తెరలు ఆడించారు.

రెండో బూత్ ప్లాటర్ మీంచి ఫిల్మ్ బయల్దేరుతుంది, రెండో ప్రొజెక్టర్‌లో తిరుగుతుంది, పైకి ఎక్కి నడవా వెంబడి రోలర్ల మీద వెళ్ళి మూడో ప్రొజెక్టర్‌లో దిగుతుంది, మూడో ప్లాటర్ మీద చుట్టుకుంటుంది. రెండు మోటార్లూ ఒకే వేగంతో, ఒకేసారి ఎక్కి ఒకేసారి దిగాలి. ఒకటి అరక్షణం ముందు ఆగినా మధ్యలో ఫిల్మ్ కింద కుప్ప పడుతుంది, లేదా బిగుసుకుంటుంది. బిగుసుకుంటే ఏం తెగుతుందన్నది ఏ ప్రింటన్న దాన్ని బట్టి. పాత ఎసిటేట్ అయితే ఫిల్మే తెగేది. తర్వాత వచ్చిన పాలిస్టర్ ప్రింటు తెగదు, రోలరు ఊడుతుంది, లేకపోతే ప్రొజెక్టర్ పళ్ళచక్రం వంగుతుంది. అందుకే జాగ్రత్తపరులు దారిలో రెండు చోట్ల సేఫ్టీ స్విచ్ పెట్టేవాళ్ళు, ఫిల్మ్ వదులైతే రెండు మిషన్లూ ఆగేట్టు. ఆ స్విచ్ వైరు పోయిన పైపు కూడా ఆ గోడ మీదే ఉండాలి, వెతకండి.

ఇంకో బాధ, ఏసీ బూత్‌లో గాలి బాగా పొడిగా ఉంటే పాలిస్టర్ ఫిల్మ్‌కి స్టాటిక్ పట్టి, పొర పొరకీ అంటుకుని పళ్ళెం మధ్య ముడి పడిపోతుంది. అలాంటి బూత్‌లలో ప్లాటర్ ఫ్రేముకి ఎర్త్ వైరు కట్టి ఉంటుంది. నేల మీద రాగి తీగ ముక్క కనిపిస్తే పారేయకండి, ఫోటో తీయండి.

టేపు పెట్టి కొలవండి: రెండో ప్రొజెక్టర్ గేటు (ఫిల్మ్ మీద వెలుగు పడే చోటు) నుంచి రోలర్ల దారి వెంబడి మూడో ప్రొజెక్టర్ గేటు వరకు. దాంతో రెండో తెరకీ మూడో తెరకీ ఎన్ని సెకన్ల తేడా ఉండేదో చెప్పేయొచ్చు.

తెరవెనక
శబ్దం వైపు నుంచి నాలుగు మాటలు. తెర వెనక గోడ మీద బరువైన స్పీకర్ల స్టాండ్ల గుర్తులు ఎన్నో చూడండి. మూడుంటే ఎడమ, మధ్య, కుడి. కింద సబ్‌వూఫర్ కోసం దిమ్మె. పక్క గోడల, వెనక గోడ బ్రాకెట్లలో ఎడమవైపువన్నీ ఒక తీగ వరసలో, కుడివైపువన్నీ ఇంకో వరసలో ఉంటే 5.1. వెనక గోడ బ్రాకెట్లకు విడిగా తీగలు పోయి ఉంటే 7.1 కావచ్చు, 7.1 అయితే అది 2010 తర్వాతి సంగతి. సీలింగ్‌లో రెండు వరసల కొక్కేలుంటే అట్మాస్, 2012 తర్వాత. ఏ హాలుకి ఎప్పుడు డబ్బు పెట్టారో పై నుంచి కిందికి అలా చదివేయొచ్చు.

ఫిల్మ్ కాలానికి ఒక గుర్తు: డీటీఎస్‌లో శబ్దం ఫిల్మ్ మీద ఉండదు, సీడీలో ఉంటుంది. ఫిల్మ్ మీద బొమ్మకీ మామూలు సౌండ్ ట్రాకుకీ మధ్య సన్నటి టైమ్‌కోడ్ గీత మాత్రమే. కాగితాల సంచిలో సినిమా పేరు, రీలు నంబర్లు రాసిన సీడీ కవర్లు దొరికాయంటే మారుమాట లేదు, అది ఫిల్మ్ ఆడించిన బూత్. డాల్బీ డిజిటల్ అయితే శబ్దం ఫిల్మ్ అంచు కంతల మధ్య ఖాళీలో ఉంటుంది, దానికి కవర్లేమీ మిగలవు.

తెర గుడ్డ ముక్క ఏదైనా మిగిలిందా? బూడిద వెండి రంగులో మెరిస్తే సిల్వర్ స్క్రీన్, పోలరైజ్డ్ కళ్ళద్దాల త్రీడీ కోసం వేసింది. త్రీడీకి మంచిదే గానీ మామూలు సినిమాకి మధ్యలో వెలుగు ముద్ద, అంచులు నల్లబారడం. పక్క సీట్ల వాళ్ళు తిట్టుకునేది అందుకే. త్రీడీ మోజు తగ్గాక చాలామంది ఆ తెర మార్చలేదు, మార్చాలంటే ఖర్చు. నా దృష్టిలో శివారు హాళ్ళకి జనం తగ్గడంలో ఈ మసక తెరల పాత్ర ఎవరూ లెక్క కట్టలేదు.

తాంబరం లోకల్
అక్కడ ప్రొజెక్టర్‌లో వెలుగిచ్చే పాత జినాన్ ల్యాంపులు రెండు డబ్బాల్లో ఉన్నాయని విన్నా. తెచ్చుకుని షోకేసులో పెట్టుకోవచ్చా?

పోర్టుగ్లాసు
ముట్టుకోకు తమ్ముడూ. చల్లగా ఉన్నప్పుడు కూడా లోపల గ్యాసు ఒత్తిడితోనే ఉంటుంది. చిన్న గీత పడినా, వేలి జిడ్డు పట్టి వేడెక్కినా పగులుతుంది, గాజు ముక్కలు తూటాల్లా వస్తాయి. డబ్బా తెరవాల్సి వస్తే ముఖానికి షీల్డు, మెడ కప్పే జాకెట్టు, తోలు గ్లవ్స్ తప్పనిసరి. డబ్బా మూసే ఉంచి, మీద రాసిన వాట్లు మాత్రం రాసుకోండి. 2000 వాట్ల ల్యాంపంటే దాదాపు 80 ఆంపియర్లు, 25 వోల్టుల డీసీ. దాన్ని బట్టి రెక్టిఫయర్ (కరెంటుని డీసీగా మార్చే పెట్టె) ఎంతదో, తెర ఎంత పెద్దదో అంచనా దొరుకుతుంది.

సి-ఫారం
గోడలు చెప్పని తేదీలు కాగితాలు చెబుతాయి. మా వైపు నుంచి వరస ఇది.

థియేటర్ నడవాలంటే 1955 నాటి తమిళనాడు సినిమాల నియంత్రణ చట్టం కింద సి-ఫారం లైసెన్స్ ఉండాలి. నగరంలో పోలీసు కమిషనర్, జిల్లాల్లో కలెక్టర్ ఇస్తారు. ప్రతి తెరకీ విడిగా ఉంటుంది, సీట్ల సంఖ్య అందులో రాసి ఉంటుంది. ప్రకటనల్లో 1200 సీట్లని కొట్టుకున్నా లైసెన్స్‌లో ఉన్నదే లెక్క. ఫైర్, కరెంటు ఇన్‌స్పెక్టర్, భవనం పటిష్ఠత సర్టిఫికెట్లు దానికి జత. ఇవి రెన్యువల్ అయినప్పుడల్లా కొత్తవి చేరతాయి. సీట్లు ఎప్పుడు తగ్గాయో ఆ వరసలోనే కనిపిస్తుంది.

శివారు కాబట్టి ఒక చిక్కు ఉంది. 2011లో చెన్నై కార్పొరేషన్ 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కి పెరిగింది. 2019 నవంబరులో కాంచీపురం నుంచి చెంగల్పట్టు జిల్లా విడిపోయింది. 2022లో తాంబరం పోలీసు కమిషనరేట్ వచ్చింది. ఒకే భవనం ఫైలు మూడు ఆఫీసుల్లో ముక్కలుగా ఉండొచ్చు. సమాచార హక్కు దరఖాస్తు ఒకచోటే వేసి "లేదు" అని జవాబొస్తే ఆగిపోకండి. ఫీజు పది రూపాయలే, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఏ సంవత్సరం, ఏ గ్రామం, ఏ సర్వే నంబరు అని స్పష్టంగా అడగండి. "మొత్తం చరిత్ర ఇవ్వండి" అని అడిగితే ఏమీ రాదు.

లీజు సంగతి ఈసీలో (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) చూడాలి. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ చేయాలి, కాబట్టి మాల్ యజమానికీ మల్టీప్లెక్స్ నడిపినవాళ్ళకీ మధ్య లీజు పడ్డ తేదీ, గడువు అందులో దొరుకుతాయి. రిజిస్ట్రేషన్ శాఖ సైటులో సర్వే నంబరు కొడితే వస్తుంది, కానీ ఉపవిభాగం నంబరు తప్పితే ఖాళీ పేజీ. భూమి చీలిన ప్రతి ఉపవిభాగానికీ విడిగా వెతకాలి.

టికెట్‌ముక్క
సంచిలో టికెట్లుంటే ముందు వాటి పని చూడండి, రోజులు గడిచేకొద్దీ మాయమైపోతాయి. థర్మల్ కాగితం వెలుగుకీ వేడికీ ప్లాస్టిక్ కవరుకీ వెలిసిపోతుంది. లామినేషన్ మాత్రం చేయించొద్దు, ఆ వేడికి టికెట్ మొత్తం నల్లబడుతుంది. 600 డీపీఐ, కలర్‌లో స్కాన్ చేయండి. కంటికి ఖాళీగా కనిపించేది కూడా నీలం ఛానెల్ విడదీసి కాంట్రాస్ట్ పెంచితే చాలాసార్లు చదవొస్తుంది. తర్వాత మామూలు కాగితం కవర్లో, చీకట్లో.

తేదీ చెరిగిపోయినా ధరను బట్టి కాలం చెప్పొచ్చు. చెన్నై మల్టీప్లెక్స్‌లో 120 రూపాయలు చాలా ఏళ్ళు గరిష్ఠ ధర. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది, వంద దాటిన టికెట్‌కి 28 శాతం. 120 మీద 28 శాతం వేస్తే 153 రూపాయల 60 పైసలు. ఆ అంకె ఉన్న టికెట్ 2017 జులై నుంచి అక్టోబరు మొదటి రోజుల వరకు, అంతే. అక్టోబరులో మూల ధర 150 అయింది, స్థానిక సంస్థల వినోదపు పన్ను కలిసింది. సీజీఎస్టీ 14, ఎస్‌జీఎస్టీ 14 అని ఉంటే 2018 చివరి లోపు. వంద దాటిన టికెట్ మీద 9, 9 అని ఉంటే 2019 జనవరి 1 తర్వాత.

జులై మొదటి వారంలో మాత్రం టికెట్లు వెతక్కండి. 3 నుంచి 6 వరకు రాష్ట్రమంతా థియేటర్లు మూసేశారు, జీఎస్టీ మీద ఇంకా 30 శాతం స్థానిక పన్ను అన్నందుకు.

లెక్కలపుస్తకం
డీసీఆర్‌లు ఉన్నాయా సంచిలో? రోజువారీ కలెక్షన్ షీట్లు. తరగతివారీగా టికెట్ల వరస నంబర్లు, అమ్మినవి, గ్రాస్ (మొత్తం వసూలు), పన్ను, నెట్ (పన్ను పోగా మిగిలింది), షేర్ (పంపిణీదారు వాటా). అసలు చరిత్ర అందులోనే.

మనవాళ్ళకి ఆసక్తి కలిగించే సంగతి ఒకటి. 2006 నుంచి తమిళ పేరున్న తమిళ సినిమాకి వినోదపు పన్ను మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ఆ కాలపు డీసీఆర్‌లో పన్ను గడి ఖాళీగా ఉంటే తమిళ సినిమా, నిండి ఉంటే తెలుగో హిందీయో ఇంగ్లీషో, లేదా మినహాయింపు రాని తమిళ సినిమానో. టికెట్ ధర ఒకటే అయినా తెలుగు సినిమా నెట్ తక్కువ. 2017 తర్వాత కూడా అంతే, కొత్త తమిళ సినిమాకి స్థానిక పన్ను 10 శాతం పెట్టి 8కి దింపారు, కొత్త తెలుగు సినిమాకి 20. శివారులో ఐటీ ఉద్యోగాల తెలుగువాళ్ళు నిండా ఉన్నా తెలుగుకి ఉదయం ఒక ఆట, రాత్రి ఒక ఆట మాత్రమే ఎందుకిచ్చేవాళ్ళో ఆ గడి చూస్తే అర్థమవుతుంది. భాషాద్వేషం అని కొందరు రాస్తుంటారు గానీ నేనైతే ఆ లెక్కే అంటాను.

ఇక నాలుగో ఫోటో. మూసిన రంధ్రాలు మామూలు సీట్లవి, కొత్తవి రిక్లైనర్లవి. వరసకీ వరసకీ మధ్య దూరం కొలవండి. పాతది మూడడుగుల పైచిలుకు ఉంటుంది, రిక్లైనర్‌కి అయిదడుగులు దాటాలి. వెడల్పు కూడా పెరుగుతుంది. అంటే హాలులో సీట్లు సగానికి పడిపోతాయి. ధరకి కట్టడి లేని చోట రిక్లైనర్‌కి రెట్టింపు ధర పెట్టుకోగలరు, ధరకి కట్టడి ఉన్న రాష్ట్రంలో, అదీ శివారులో, ఆ సగం సీట్లతో అద్దె ఎలా గిట్టుతుంది?

అద్దె పద్ధతి ఇలా ఉంటుంది: నెలకింత అని కనీస అద్దె, లేదా అమ్మకాల్లో శాతం, ఏది ఎక్కువైతే అది. మూడేళ్ళకోసారి పెంపు, 15 శాతం మామూలు. దాని మీద మాల్ నిర్వహణ ఖర్చు విడిగా. పదిహేనేళ్ళ లీజులో అద్దె అయిదుసార్లు కాదు, నాలుగుసార్లు పెరుగుతుంది, రెండింతలకి కాస్త తక్కువ. టికెట్ 120 దగ్గరే ఆగిపోయి ఉంటే మిగిలింది పాప్‌కార్న్ మాత్రమే.

తాంబరం లోకల్
అయిదుసార్లు కాకుండా నాలుగుసార్లే ఎందుకు?

లెక్కలపుస్తకం
3, 6, 9, 12 ఏళ్ళ చివర. పదిహేనో ఏడు చివర లీజే అయిపోతుంది. 1.15ని నాలుగుసార్లు హెచ్చిస్తే 1.75. మూతపడే తేదీ కూడా అందుకే చాలాచోట్ల లీజు గడువు పక్కనే ఉంటుంది. 2023 మేలో పీవీఆర్ ఐనాక్స్ ఆరు నెలల్లో 50 తెరలు మూస్తామని ప్రకటించినప్పుడు చెప్పిన కారణాలూ అవే: నష్టాల్లో ఉన్నవి, బాగుపడే ఆశ లేని మాల్స్‌లో ఉన్నవి. "కోవిడ్ చంపేసింది", "ఓటీటీ చంపేసింది" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. 2020 మార్చిలో మూసి, నవంబరు 10న సగం సీట్లతో తెరిచారు నిజమే. కానీ ఈసీలో గడువు చూశాకే రాయండి.

తెరవెనక
2015 డిసెంబరు వరద కూడా మరచిపోవద్దు. దక్షిణ శివారులో జనరేటరు, కరెంటు ప్యానెళ్ళు బేస్‌మెంట్‌లో పెట్టినవాళ్ళు చాలామంది మునిగారు. తర్వాత ప్యానెళ్ళు పై అంతస్తుకి ఎక్కించి ఉంటే కొత్త కేబుల్ ట్రే కనిపిస్తుంది. బేస్‌మెంట్ గోడ మీద బురద గీత ఎత్తు కొలిచి పెట్టండి.

రీలుపెట్టె
ఇవాళ్టి కొలతలు. రోలర్ల దారి 46 అడుగులు. సేఫ్టీ స్విచ్ పైపు ఉంది, రెండు చోట్ల పెట్టె గుర్తులు. ఒకటో హాలు పాత వరస దూరం 3 అడుగుల 3 అంగుళాలు, కొత్తది 5 అడుగుల 8. డీటీఎస్ సీడీ కవర్లు 11 దొరికాయి. డీసీఆర్‌లు ఒక కట్ట, చెద పట్టింది. టికెట్లలో 153.60 ఉన్నవి రెండు.

పోర్టుగ్లాసు
46ని ఒకటిన్నరతో భాగిస్తే 31 సెకన్లు. రెండో తెరలో హీరో తలుపు తన్నిన అర నిమిషానికి మూడో తెరలో తన్నేవాడన్నమాట. దీన్ని కాగితం మీద కూడా రుజువు చేయాలంటే పాత పేపర్లలో శుక్రవారం సినిమా ప్రకటనలు చూడండి. రెండో తెరకీ మూడో తెరకీ ఒకే సినిమా, ఒకే ఆట టైము వేసి ఉంటే ఒక్క ప్రింటే అయ్యే అవకాశం ఎక్కువ. రెండు ప్రింట్లు ఉన్నవాడు మామూలుగా ఆటలు జరిపి వేస్తాడు, ఒకేసారి రెండు వేయడు.

లెక్కలపుస్తకం
చెద పట్టిన కట్ట విడదీయకండి. గట్టి అట్టల మధ్య పెట్టి, పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు. తర్వాత సంచి విప్పకుండా ఒక రోజు బయట ఉంచితే తేమ కాగితం మీద కాకుండా సంచి మీద పడుతుంది. ఆ తర్వాతే షీటు షీటుగా, చాకు వెనక వైపుతో.

రీలుపెట్టె
సరే. శుక్రవారం ప్రకటనల్లో ఒకటి దొరికింది: రెండు, మూడు తెరలు, ఒకే సినిమా, రెండింటికీ 10.15. కట్ట ఫ్రీజర్‌లో పెట్టాను. ఈసీకి ఉపవిభాగం నంబర్లు మూడు తేలాయి, నాలుగోది సోమవారం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి.